పురుగు పెంకు విప్పే వేళ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క విషయం మీదే ఉన్నాయి: పురుగు పెంకు, దాన్ని అది విడవడం. వంటింట్లో తెల్ల బొద్దింకను చూసి అడిగినవారు కొందరు. పట్టుపురుగులు, వరి, రొయ్యలతో బతికేవారు మరికొందరు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: రాత్రి వంటింట్లో లైటు వేస్తే గ్యాస్ బండ వెనక పాలలా తెల్లగా ఉన్న బొద్దింక కనిపించింది. కళ్లు మాత్రం నల్లగా ఉన్నాయి. ఇది వేరే జాతా? లేక మందు కొట్టడం వల్ల రంగు పోయిందా?
— ఒక గృహిణి, విజయవాడ

మీ ఇంట్లో రోజూ తిరిగే బొద్దింకే అది. మీరు లైటు వేయడానికి కాస్త ముందే పాత పెంకు విప్పింది. కొత్త పెంకు మొదట తెల్లగా, ఉడికించిన గుడ్డు మీది పొరలా మెత్తగా ఉంటుంది. కొన్ని గంటలు గడిస్తే లేత గోధుమరంగుకు, తెల్లారేసరికి మామూలు రంగుకు వచ్చేస్తుంది. కళ్ల నలుపు పెంకుది కాదు, దాని కింద ఉన్న కణాలది. అందుకే పెంకు తెల్లబడినా కళ్లు తెల్లబడవు.

రంగు రావడం, గట్టిపడడం రెండూ కలిసే జరుగుతాయి. పచ్చితోలును తంగేడు చెక్కతో పదును చేస్తే చెక్కలోని పదార్థం తోలులోని ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. తోలు రంగు మారి గట్టిపడుతుంది. పురుగు కూడా క్వినోన్లనే పదార్థాలను తన పెంకులోకే పంపి ఇంచుమించు అదే పని చేస్తుంది. ఒకసారి పడ్డ ముడి మళ్లీ విడదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే కింది జవాబుల్లో సగం ముందే తెలిసిపోతాయి.

వంటింట్లో తిరిగే పెద్ద రకం బొద్దింక పెరిగి పెద్దదయ్యేలోగా పది, పన్నెండు సార్లు పెంకు విప్పుతుంది. వీపు మీద చీలిన ఖాళీ పొట్టు అక్కడే మూలన దొరకొచ్చు. దొరక్కపోతే అదే తినేసిందనుకోండి. అంత ప్రొటీన్‌ను పారేసుకునే రకం కాదది.

ప్రశ్న: మన గోరు పెరుగుతుంది, నత్త చిప్ప పెరుగుతుంది. పురుగు పెంకు కూడా అలా పెరగొచ్చు కదా? ఇంత కష్టపడి విప్పడం ఎందుకు?
— ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

మంచి ప్రశ్న. గోరుకు ఒక మొదలు ఉంది, అక్కడి నుంచి బయటికి తోసుకొస్తుంది. నత్త చిప్పకు ఒక నోరు ఉంది, ఆ అంచున కొత్త వరుస చేర్చుకుంటూ పోతుంది. పురుగు పెంకుకు చేర్చడానికి అంచంటూ లేదు. తల నుంచి కాళ్ల గోళ్ల దాకా ఒకే తొడుగు. అది బయటితో ఆగదు. నోటి లోపలికి తిరిగి పేగు ముందు భాగానికి, మలద్వారం నుంచి పేగు చివరి భాగానికి, పక్కనున్న శ్వాసరంధ్రాల్లోంచి గాలి గొట్టాలకు కూడా అస్తరు వేస్తుంది. లోపలి పురుగు పెరుగుతుంటే గట్టిపడిన భాగం సాగదు. విప్పక తప్పదు.

ఆ తొడుగులో ఏముందో చూడండి. అన్నిటికన్నా లోపల చర్మకణాలు, ఒకే ఒక్క వరుస. ప్రాణం ఉన్న భాగం అదొక్కటే. వాటి పైన ఉన్నదంతా ఆ కణాలు బయటికి స్రవించినదే. దానిలో మందపు భాగం కైటిన్ పోగులు, ప్రొటీన్లు కలిసిన పొరలు. ఒక్కో పొరలో పోగులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి, పై పొరలో ఆ దిక్కు కొంచెం తిరుగుతుంది. ప్లైవుడ్ చెక్కలను అడ్డదిడ్డంగా పేర్చి అతికించడంలోని కిటుకు ఇదే: పగులు ఒక పొరలో మొదలైనా తిన్నగా సాగలేదు. అన్నిటికీ పైన చాలా పలచని పొర, దాని మీద మైనం. నీళ్లు బయటికి పోకుండా కాపాడేది ఆ మైనమే.

చాలామంది కైటిన్ వల్లే పెంకు గట్టిగా ఉంటుందని రాస్తారు. అది సగమే నిజం. గొంగళి మెత్తటి చర్మంలోనూ కైటిన్ ఉంది, పేడపురుగు రెక్క డిప్పలోనూ ఉంది. తేడా తెచ్చేది పైన చెప్పిన ప్రొటీన్ల ముడి. పెంకు బయటి సగంలో ముడి పడుతుంది, లోపలి సగం మెత్తగానే ఉంటుంది. కీళ్ల దగ్గర ముడే పడదు. అందుకే కాలు వంగుతుంది. కొన్ని చీమల, చెదల దవడ అంచుల్లో జింకు కూడా చేరి చెక్కను కొరికేంత గట్టితనం ఇస్తుంది. మిడత రెక్క మొదట్లో, కుక్కల ఒంటి మీద గెంతే ఫ్లీ పురుగు కాలి మొదట్లో రెసిలిన్ అనే రబ్బరులాంటి ప్రొటీన్ ఉంటుంది. నొక్కి వదిలితే పెట్టిన శక్తినంతా దాదాపు తిరిగి ఇచ్చేస్తుంది.

ఇక విప్పడం. బయట మనకు కనిపించే ఆ కొద్ది నిమిషాలు చివరి అంకం మాత్రమే. అసలు పని అంతకు ముందే లోపల మొదలవుతుంది. ముందుగా చర్మకణాలు పాత పెంకును వదిలి కిందికి జరుగుతాయి. మధ్యలో సన్నటి సందు పడుతుంది. ఆ సందులోకి ఒక ద్రవం ఊరుతుంది. దానిలో పెంకును కరిగించే ఎంజైములు ఉంటాయి గాని, అవి ఇంకా పని మొదలుపెట్టవు. కణాలు ఈలోగా కొత్త పెంకు పైపొరను పరుస్తాయి. అది పరిచాకే ఎంజైములు మేలుకొంటాయి. ఈ వరుస తారుమారైతే పురుగు తన కొత్త చర్మాన్ని తానే అరిగించుకుంటుంది.

మేలుకొన్న ఎంజైములు పాత పెంకు లోపలి మెత్తని భాగాన్ని కరిగిస్తాయి. కరిగిన సరుకును కణాలు పీల్చుకుని కొత్త పెంకుకు వాడుకుంటాయి. ముడిపడ్డ బయటి భాగం మాత్రం కరగదు. మీకు దొరికే పొట్టు ఆ మిగిలిన భాగమే. అందుకే అది ఉల్లిపొర అంత పలచగా ఉంటుంది.

కొత్త చర్మం పాతదానికన్నా పెద్దది. అయినా పాతదాని లోపలే ఇమడాలి కాబట్టి కుచ్చిళ్లు పెట్టిన చీరలా ముడతలు పడి ఉంటుంది. సమయం రాగానే పురుగు గాలి మింగుతుంది. నీటి పురుగైతే నీళ్లు మింగుతుంది. పొట్ట కండరాలు బిగించి రక్తాన్ని రొమ్ములోకి తోస్తుంది. తల మీద, వీపు మధ్యన ముడి పడకుండా వదిలిన సన్నటి గీతలు ముందే ఉంటాయి, పెంకు ఆ గీతల వెంటే చీలుతుంది. అక్కణ్నుంచి వీపు, తల, కాళ్లు, చివరికి తోక. బయటపడ్డాక కూడా గాలి మింగుతూనే ముడతలన్నీ సాగేదాకా ఉబ్బుతుంది. అప్పుడు బర్సికాన్ అనే హార్మోన్ రక్తంలోకి వచ్చి పెంకును గట్టిపరుస్తుంది. అప్పటికి రెక్క పూర్తిగా విచ్చుకోకపోతే ఇక ఆ మడతతోనే బతకాలి.

ప్రశ్న: పెంకు మార్చాలని పురుగుకు ఎవరు చెబుతారు? గొంగళి ఒకసారి గొంగళిగానే, మరోసారి ప్యూపాగా ఎలా మారుతుంది?
— డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

మెదడు ఒక హార్మోన్ వదులుతుంది. అది రొమ్ములోని గ్రంథిని తడుతుంది. ఆ గ్రంథి ఎక్డైసోన్ వదులుతుంది. 'పెంకు మార్చు' అన్న ఆజ్ఞ అదే. ఏ రూపంలోకి మారాలో చెప్పేది జువెనైల్ హార్మోన్. అది నిండుగా ఉంటే పిల్లపురుగు మళ్లీ పిల్లపురుగే. తగ్గితే ప్యూపా, అంటే మేత మాని కదలకుండా లోపల రూపు మార్చుకునే దశ. లేకుంటే రెక్కల పురుగు.

బ్రిటన్‌లో విగిల్స్‌వర్త్ అనే శాస్త్రవేత్త 1934లో రోడ్నియస్ అనే రక్తం పీల్చే నల్లి మీద దీన్ని పట్టుకున్నాడు. ఆ నల్లి ఒక్కసారి కడుపునిండా రక్తం తాగితే ఒక్కసారి పెంకు మారుస్తుంది. తాగిన వెంటనే తల తీసేస్తే నెలల తరబడి బతికి ఉంటుంది గాని పెంకు మార్చదు. కొన్ని రోజులు ఆగి తీస్తే, తల లేకుండానే మారుస్తుంది. అంటే ఆజ్ఞ అప్పటికే తల నుంచి బయల్దేరిందన్నమాట. ఎక్డైసోన్‌ను 1954లో జర్మనీలో బుటెనాంట్, కార్ల్సన్ అనే శాస్త్రవేత్తలు విడదీశారు. 500 కిలోల పట్టుపురుగు ప్యూపాలు నూరితే దక్కింది 25 మిల్లీగ్రాములు!

జువెనైల్ హార్మోన్ గురించి ఒక వింత చెప్పాలి. 1960లలో కారెల్ స్లామా అనే శాస్త్రవేత్త ప్రాగ్ నుంచి ఒక జాతి ఎర్ర నల్లుల్ని అమెరికాలోని హార్వర్డ్‌కు తీసుకెళ్లాడు. అక్కడ అవి ఐదో దశ దాటాక రెక్కల పురుగులు కాకుండా పెద్ద సైజు పిల్లపురుగులుగానే మారి చచ్చిపోయాయి. మేత మార్చారు, నీళ్లు మార్చారు, లాభం లేదు. చివరికి తప్పు గిన్నెలో పరిచిన పేపర్ టవల్‌దని తేలింది. బాల్సమ్ ఫర్ చెట్టు గుజ్జుతో చేసిన ఆ కాగితంలో జువెనైల్ హార్మోన్‌లా పనిచేసే పదార్థం ఉంది. చెట్టు తనను తినే పురుగుల మీద దాచుకున్న ఆయుధం కాగితంలోనూ మిగిలిపోయింది.

ప్రశ్న: మా పట్టుపురుగులు నాలుగో జ్వరం దగ్గర ఎగుడుదిగుడుగా లేస్తున్నాయి. కొన్ని లేచి ఆకు వెతుకుతుంటే కొన్ని ఇంకా పడుకునే ఉంటాయి. కొన్ని పొర విడవలేక చస్తున్నాయి. సున్నం చల్లమంటారు, దాని పనేమిటి?
— పట్టు రైతు, పలమనేరు

ఇతర పాఠకుల కోసం ఒక మాట. పట్టు రైతుల భాషలో పెంకు మార్పిడి పేరు జ్వరం. మేత మాని, తల పైకెత్తి, కదలకుండా పడి ఉండే పురుగును చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. మల్బరీ పట్టుపురుగుకు నాలుగు జ్వరాలు, ఐదు దశలు. గుడ్డులోంచి వచ్చిన నాటి నుంచి గూడు కట్టేలోగా బరువు దాదాపు 10,000 రెట్లు పెరుగుతుంది. నాలుగుసార్లు చర్మం మార్చకుండా ఇది సాధ్యమయ్యే పని కాదు.

మీ కష్టానికి మూలం జ్వరంలో లేదు, అంతకు ముందు రోజుల్లోనే ఉంది. పడకలో పురుగులు గుంపుగా ఉండి కొన్నిటికి ఆకు అందకపోతే అవి వెనకబడతాయి. అన్నీ ఒకేసారి జ్వరానికి కూర్చోవు. కాబట్టి దశ మొదటి రోజు నుంచే పడక వెడల్పు చేస్తూ, ఆకు సమంగా పరవాలి.

జ్వరం దగ్గరపడిందని గుర్తుపట్టడం తేలిక. చర్మం బిగుసుకుని మెరుస్తుంది. ఒళ్లు ఉబ్బి, తల మరీ చిన్నదిగా కనిపిస్తుంది. తల వెనక లేత రంగు ఉబ్బు తేలుతుంది. అది కొత్త తల, పాత తలలో పట్టక వెనక తయారవుతోంది. ఈ గుర్తులు కనిపించగానే మేత పలచగా వేయండి, పడక మందం తగ్గించండి, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. నూటికి తొంభై పురుగులు కూర్చున్నాక మేత ఆపేసి, పొడి సున్నం పలచగా, సమంగా చల్లండి.

సున్నం రెండు పనులు చేస్తుంది. పడకలోని తేమను పీల్చి రోగాలకు తావు లేకుండా చేస్తుంది. మిగిలిన ఆకును ఎండబెడుతుంది. ముందు లేచిన పురుగుకు పచ్చి ఆకు దొరికితే అది తిని ముందుకు పోతుంది, వెనక ఉన్నవి ఇంకా వెనకబడతాయి. ఆకు ఎండిపోతే అన్నీ ఆగుతాయి. మీరు అడిగిన ఎగుడుదిగుడుకు మందు ఇదే.

జ్వరంలో ఉన్న పురుగును కదిలించొద్దు. అది పట్టు దారం వేసి వెనక కాళ్ల కొక్కేలను దానికి తగిలించి కూర్చుంటుంది. ఆ పట్టుతోనే పాత చర్మంలోంచి ముందుకు లాక్కుంటుంది. మీరు తట్ట మార్చినప్పుడు ఆ పట్టు ఊడితే చర్మం పురుగుతో పాటే జరుగుతుంది, విడవదు. చొక్కా విప్పేటప్పుడు చేతి అంచు పట్టుకోవడానికి ఏమీ లేకపోతే ఎలా ఉంటుందో అలాగన్నమాట. గది మరీ పొడిగా ఉన్నా పాత చర్మం ఎండి కొత్తదానికి అతుక్కుంటుంది. జ్వరంలో గాలి తేమ మామూలు కన్నా తగ్గాలి గాని వడగాలిలా ఉండకూడదు. 70 శాతం దగ్గర ఉంచితే సరిపోతుంది.

నూటికి తొంభై అయిదు లేచేదాకా ఆగండి. చాలామంది పొరపాటు ఇక్కడే చేస్తారు. సగం లేవగానే జాలిపడి ఆకు వేస్తారు. ఆకు కింద పడుకున్నవి నలిగి, ఊపిరాడక, తేమలో మగ్గుతాయి. లేచిన పురుగు కాసేపు ఆకు లేకుండా ఉంటే నష్టం లేదు. దాని కొత్త దవడలు గట్టిపడాలి కూడా. అన్నీ లేచాక పడక మందు పొడి చల్లి, అరగంట ఆగి, లేత ఆకుతో మొదటి మేత వేయండి. అప్పటికీ లేవనివి ఏరి వేరే తట్టలో పెట్టండి.

ఒక్కటి వేరుగా చూసుకోండి. జ్వరానికి కూర్చోకుండా పడక అంచున తిరుగుతూ, కణుపుల మధ్య ఉబ్బి, తాకితే చర్మం చిట్లి పాలలాంటి ద్రవం కారితే అది పొర విడవలేకపోవడం కాదు, పాలరోగం. వైరస్ వల్ల వస్తుంది. చిట్లిన చుక్క ప్రతిదీ పడకంతటికీ అంటిస్తుంది. అలాంటి పురుగును చిట్లనివ్వకుండా ఏరి, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లలో వేసి, ఆనక దూరంగా పూడ్చేయండి.

ప్రశ్న: వరి దుబ్బు మీద తూనీగ పొట్టు దొరికింది. చీలిన వీపు లోపల తెల్లటి దారాలు వేలాడుతున్నాయి. అవి నరాలా?
— తొమ్మిదో తరగతి విద్యార్థి, నల్గొండ

నరాలు కావు, ఊపిరి గొట్టాల అస్తరు. తొడుగు గాలి గొట్టాల్లోకి కూడా పోతుందని పైన చెప్పాం కదా. పెంకు విప్పినప్పుడు ఆ అస్తరు కూడా చొక్కా చేతి లోపలి గుడ్డలా బయటికి లాగబడుతుంది. భూతద్దం ఉంటే చూడండి, ఒక్కో దారం పక్కనున్న చిన్న రంధ్రం దగ్గర మొదలవుతుంది. ఆ పొట్టు తూనీగది కాదు, నీళ్లలో పెరిగిన దాని పిల్లపురుగుది. కింది పెదవి మడతపెట్టి ముఖానికి ముసుగులా కప్పుకుని ఉంటుంది, అదీ పొట్టులో చెక్కుచెదరకుండా దొరుకుతుంది.

ప్రశ్న: చిన్న చీమ పెద్ద చీమ అవుతుందా? పుట్టలో రాణి చెదపురుగు పొట్ట అంత పెద్దదయ్యేది పెంకు మారుస్తూనేనా?
— ఉపాధ్యాయుడు, ఒంగోలు

అవదు. చీమ రూపంలో మీకు కనిపించేసరికే దాని పెరుగుదల అయిపోయింది. పిల్లదశ అంతా గూట్లో, కాళ్లు లేని తెల్ల పురుగుగా గడుస్తుంది. పెద్దయ్యాక రొమ్ములోని ఎక్డైసోన్ గ్రంథి కరిగిపోతుంది. ఆజ్ఞ ఇచ్చేవారు లేరు కాబట్టి పెంకు మళ్లీ మారదు. దీనికి మినహాయింపులు తక్కువ. పాత పుస్తకాల్లో తిరిగే రామబాణం పురుగు చచ్చేదాకా పెంకు మారుస్తూనే ఉంటుంది.

రాణి చెదపురుగు లెక్క వేరు. దాని పొట్ట మీద ముదురు గోధుమరంగు పట్టీలు చూశారా? ఒకదానికొకటి దూరంగా, పాల మీద తేలే చెక్కల్లా ఉంటాయి. రాణి పెళ్లి రెక్కలతో ఎగిరినప్పుడు ఆ పట్టీలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉండేవి. గట్టిపడ్డ ఆ పట్టీలు అంగుళం కూడా పెరగలేదు. వాటి మధ్యనున్న మెత్తని చర్మమే పెంకు విప్పకుండా సాగుతూ, కొత్త పదార్థం చేర్చుకుంటూ పెరిగింది.

ప్రశ్న: సుడిదోమకు బుప్రోఫెజిన్ కొట్టాం. మర్నాడు చూస్తే దోమ అలాగే ఉంది. కల్తీ మందా?
— వరి రైతు, మిర్యాలగూడ

ఇతర పాఠకుల కోసం: సుడిదోమ అంటే కుట్టే దోమ కాదు, వరి దుబ్బు రసం పీల్చే చిన్న పురుగు. ఇక మీ మందు కల్తీ అని ఇప్పుడే అనొద్దు. ఈ మందు నరాల మీద పనిచేయదు. పిల్లదోమ కొత్త పెంకులో కైటిన్ పేరుకోకుండా అడ్డుపడుతుంది. మందు తగిలిన పిల్లదోమ పాత పెంకులో మామూలుగానే తిరుగుతుంది, రసం పీలుస్తుంది. తర్వాతి పెంకు మార్పిడిలో సగంలో చిక్కుకుని, లేదా నీళ్లలాంటి చర్మంతో బయటపడి చస్తుంది. సుడిదోమకు పిల్లదశలు ఐదు. అందుకే ఫలితం కనిపించడానికి మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. పెద్ద దోమ ఇక పెంకు మార్చదు కాబట్టి దాన్ని ఇది చంపదు. కాకపోతే మందు తగిలిన ఆడదోమ పెట్టే గుడ్లు సరిగా పొదగవు.

కాబట్టి పిల్లదోమ ఎక్కువగా ఉన్నప్పుడే కొట్టాలి. 25 శాతం ద్రవం లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్లు. దోమ ఉండేది ఆకు మీద కాదు, నీటికి పైన దుబ్బు మొదట్లో. పైపైన కొట్టి వస్తే డబ్బు నీళ్లపాలే. పొలంలో నీళ్లు తీసేసి, పాయలు తీసి, మొదళ్లు తడిసేలా కొట్టండి. పెద్ద దోమ బాగా ఎక్కువైపోతే ఇదొక్కటే చాలదు, వ్యవసాయాధికారిని అడిగి వేరే రకం మందు వాడాలి.

పక్కన మల్బరీ తోట ఉంటే జాగ్రత్త. కైటిన్‌కు అడ్డుపడే మందులకు, జువెనైల్ హార్మోన్‌లా పనిచేసే మందులకు పట్టుపురుగుకూ పంట పురుగుకూ తేడా తెలియదు. ఉత్తర ఇటలీలో పండ్లతోటల్లో కొట్టిన ఫెనాక్సికార్బ్ అనే, జువెనైల్ హార్మోన్‌లా పనిచేసే మందు గాలికి మల్బరీ ఆకుల మీద పడి, పట్టుపురుగులు గూళ్లు కట్టకుండా తింటూనే ఉండిపోయాయి. అక్కడి పట్టు పరిశ్రమకు అది పెద్ద దెబ్బ.

ప్రశ్న: పెసలు, అలసందల్లో బూడిద కలిపి నిలవచేయడం పాతకాలపు నమ్మకమేనా?
— పాఠకురాలు, అనంతపురం

నమ్మకం కాదు, లెక్క ఉన్న పని. గింజ నిలవలో ఉండే పుచ్చు పురుగుకు తాగడానికి నీళ్లుండవు. ఒంట్లో ఉన్న తడిని మైనపు పొర కాపాడితేనే బతుకు. బూడిదలో, మెత్తటి ఎర్రమట్టిలో ఉండే గరుకు రేణువులు పురుగు గింజల మధ్య దూరేటప్పుడు కీళ్ల దగ్గర, పొట్ట కింద ఆ మైనాన్ని గీరేస్తాయి, కొంత పీల్చేస్తాయి. నీరు ఆవిరైపోయి పురుగు ఎండి చస్తుంది. గింజల మధ్య సందులు పూడి గుడ్లు పెట్టే చోటు కూడా తగ్గుతుంది.

చాలాసార్లు ఇది పనిచేయకపోవడానికి కారణాలు మామూలువే. బూడిద జల్లించకపోవడం, తడి బూడిద వాడడం, గింజ సరిగా ఎండకపోవడం. గాలిలో, గింజలో తేమ ఉంటే పురుగు పోగొట్టుకున్న నీరు తిరిగి తెచ్చుకుంటుంది. గింజను పంటికింద పటుక్కుమనేదాకా ఎండబెట్టి, చల్లారాక, జల్లించిన పొడి బూడిద ప్రతి గింజకూ అంటేలా కలిపి, పైన ఒక వరుస బూడిద పోసి మూత పెట్టండి. ఇప్పటికే గింజ లోపల ఉన్న పురుగుకు బూడిద అందదు. అందుకే పంట ఇంటికి రాగానే చేయాలి, రంధ్రాలు కనిపించాక కాదు.

ప్రశ్న: వనామి రొయ్యలు అమావాస్య, పౌర్ణమికి గుల్ల విడుస్తాయంటారు. ఆ రోజుల్లో చావులు ఎందుకు ఎక్కువ?
— రొయ్యల రైతు, భీమవరం

రొయ్య పురుగు కాదు గాని ఒకే వంశం. కైటిన్ ఒకటే, ఎక్డైసోన్ ఆజ్ఞ ఒకటే. తేడా ఏమిటంటే రొయ్య తన గుల్లను కాల్షియం కార్బొనేట్‌తో కూడా గట్టిపరుచుకుంటుంది. ఆ కాల్షియాన్ని ఎక్కువగా నీటి నుంచే తీసుకుంటుంది. చిన్న రొయ్య, అంటే 1 నుంచి 5 గ్రాములది, నాలుగు నుంచి ఆరు రోజులకోసారి గుల్ల విడుస్తుంది. 15 గ్రాములు దాటాక రెండు వారాలకోసారి. కాబట్టి చెరువులో ఏ రోజైనా కొన్ని విడుస్తూనే ఉంటాయి. అయితే అమావాస్య, పౌర్ణమికి చాలా రొయ్యలు ఒకేసారి విడుస్తాయని రైతులు చెబుతారు.

ఒకేసారి విడిచినప్పుడు ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది, మెత్తటి రొయ్యల్ని గట్టి రొయ్యలు కొరికి తింటాయి. ఆ రెండు మూడు రోజులు మేత తగ్గించి, చెక్ ట్రేలో మిగిలింది చూసి వేయండి. గుల్ల విడిచే రొయ్య తినదు, మిగిలిన మేత అడుగున కుళ్లుతుంది. రాత్రి ఏరేటర్లు ఆపొద్దు. నీళ్లు మార్చడం, వల వేయడం లాంటివి అప్పుడు పెట్టుకోవద్దు. బోరు నీటి చెరువుల్లో కాల్షియం సరిపడా ఉన్నా మెగ్నీషియం, పొటాషియం తక్కువగా ఉండి గుల్ల ఆలస్యంగా గట్టిపడుతుంది. సముద్రపు నీటిలో మెగ్నీషియం కాల్షియానికి సుమారు మూడింతలు ఉంటుంది. సున్నం ఒక్కటే గుమ్మరించేవారు ఈ లెక్క మరిచిపోతారు. ముందు నీరు పరీక్ష చేయించి తక్కువున్న ఖనిజమే వేయండి.

ప్రశ్న: కాలు తెగిన గొల్లభామ పిల్లకు మళ్లీ కాలు వస్తుందా?
— పాఠకుడు, విశాఖపట్నం

రెక్కలు రాకముందైతే వస్తుంది. తర్వాతి పెంకు మార్పిడిలో పొట్టిగా, వంకరగా మొలుస్తుంది. ఆపై ప్రతిసారీ కాస్త కాస్త పెరుగుతుంది. పెద్దయ్యాక తెగితే అంతే.

ప్రశ్న: బడిలో పిల్లలకు పెంకు మార్పిడి కళ్లారా చూపించాలి. ఏ పురుగు తేలిక?
— ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం

కరివేపాకు లేదా నిమ్మ చెట్టు మీద పక్షి రెట్టలా కనిపించే గొంగళి. సీతాకోకచిలుకది. వెడల్పు మూతి సీసాలో కొమ్మతో సహా పెట్టండి. కొమ్మ మొదలు నీళ్ల బుడ్డిలో ఉంచి, బుడ్డి మూతిని దూదితో మూసేయండి, లేకుంటే గొంగళి దిగి మునుగుతుంది. సీసా మూతికి పలచటి గుడ్డ కట్టండి. ఎండ తగలనివ్వద్దు, రోజూ పెంట తీసేయండి. మందు కొట్టని చెట్టు ఆకే వాడండి. బజారు కరివేపాకు వద్దు.

గొంగళి తినడం మాని ఆకు మీద సన్నటి పట్టు పరుచుకుని కూర్చుంటే ఇక ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పండి. ముందు ముఖం మీది పాత తల గట్టి ముసుగులా ముందుకు జారుతుంది. తర్వాత చర్మం సాక్సులా వెనక్కి మడతపడుతూ పోతుంది. కాసేపు ఆగి గొంగళి వెనక్కి తిరిగి ఆ చర్మాన్ని తినేస్తుంది. ముసుగు మాత్రం వదిలేస్తుంది. నాలుగో మార్పిడి తప్పనిసరిగా చూపించండి: రెట్ట రంగు గొంగళి చర్మం విప్పి ఆకుపచ్చ గొంగళిగా బయటికి వస్తుంది.

సీసా అడుగున పడ్డ ముసుగుల్ని ఏరి నల్ల కాగితం మీద వరుసగా అంటించి, భూతద్దంతో స్కేలు పెట్టి వెడల్పు కొలవండి. ఒక్కొక్కటి ముందుదానికన్నా సుమారు 1.4 రెట్లు ఉంటుంది. 1890లో హారిసన్ డయార్ అనే అమెరికన్ గొంగళుల తలలు కొలిచి గుర్తించిన లెక్క ఇది. ఐదు దశలకు ఐదు ముసుగులు రావాలి గదా, నాలుగే దొరికాయేమిటని పిల్లలు అడుగుతారు. ఐదోది విడిగా రాలదు. ప్యూపా అయ్యేటప్పుడు తల కూడా చర్మంతో పాటే చీలి, నలిగిన పొట్టులా ప్యూపా తోక దగ్గర ఉంటుంది, లేదంటే కింద పడి ఉంటుంది. అక్కడ వెతకమనండి.